గోల్ ముందు నిలిచే పిల్లలకు ఛాతీ కవచం తప్పదు
లాక్రోస్ నేర్పిన పాఠం.. మన హాకీ మైదానాలకూ అవసరం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: మైదానంలో ఎవరైనా తమ మీదికి దూసుకొచ్చే బంతిని తప్పించుకోవాలనే చూస్తారు. గోల్ కీపర్ ఒక్కరే దానికి ఎదురు వెళతారు. చేతికి అందనిది కాలితో, కాలికి అందనిది ఛాతీతో ఆపడం వారి విధి. దెబ్బ తగలడం వారి ఆటలో భాగమే కానీ అనుకోని ఘటన కాదు. మిగిలిన ఆటగాళ్లకు లేని రక్షణ సామగ్రి ఈ ఒక్కరికి తప్పనిసరి కావడానికి కారణమిదే. ఆ సామగ్రిలో ఏది ముఖ్యం, ఏది లేకపోయినా సరిపెట్టుకోవచ్చు అనే విషయంలో మాత్రం పాఠశాలల స్థాయిలో ఇప్పటికీ అపోహలు ఉన్నాయి. శిరస్త్రాణం, కాళ్ల ప్యాడ్లు ఉంటే చాలునన్నది వాటిలో మొదటిది.

క్రికెట్ వెంట వచ్చిన ఆట

లాక్రోస్ పేరు మన ప్రాంతంలో విన్నవారు తక్కువ. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో క్రికెట్‌కు చోటు కల్పించింది. అదే రోజు లాక్రోస్‌కూ ఆమోదం లభించినా, క్రికెట్ సంబరంలో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. 1904, 1908 తర్వాత ఈ ఆట పతకాల పోటీగా ఒలింపిక్స్‌కు తిరిగి రావడం ఇదే ప్రథమం.

ఉత్తర అమెరికా ఆదివాసీ తెగల నుంచి పుట్టిన ఆట ఇది. కర్ర చివర చిన్న వల ఉంటుంది. బంతిని ఆ వలలో పట్టుకొని పరుగెత్తుతూ సహచరులకు అందిస్తారు, గోల్‌లోకి విసురుతారు. బంతి గట్టి రబ్బరుది, లోపల గాలి ఉండదు. బరువు సుమారు 145 గ్రాములు. గోల్ ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. పురుషుల పోటీల్లో గంటకు 140 కిలోమీటర్లకు మించిన వేగంతో బంతులు వస్తుంటాయి. ఆ వేగంతో పది మీటర్ల దూరం నుంచి విసిరిన బంతి కీపర్‌ను చేరడానికి పట్టేది పావు సెకను. కంటికి కనిపించిన దానికి చేయి కదలడానికే అయిదో వంతు సెకను పడుతుంది. ఇక మిగిలేది ఎంతో చెప్పనక్కర్లేదు.

మనకు తెలిసిన హాకీ బంతి ఇంతకంటే బరువైనది. 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలని నిబంధన. క్రికెట్ బంతి బరువూ దాదాపు అంతే. జనగామ ధర్మకంచ మినీ స్టేడియంలోనైనా, మహబూబాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలోనైనా, భూపాలపల్లి అంబేద్కర్ స్టేడియంలోనైనా, ఊరి బడి వెనక మొరం మైదానంలోనైనా గట్టి బంతితో ఆట జరిగితే, దాన్ని ఆపే బాలుడికో బాలికకో ఎదురయ్యే ముప్పు లాక్రోస్ కీపర్ ముప్పు లాంటిదే. ఆ ఆటలో జరిగిన నష్టాల నుంచి పుట్టిన జాగ్రత్తలు మనకూ పనికొస్తాయి.

మధ్యస్థ వేగమే ప్రాణాంతకం

2004 మార్చి 17న అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ జట్టు ఆటగాడు జార్జ్ బొయార్డి ప్రత్యర్థి విసిరిన బంతికి అడ్డుపడ్డాడు. బంతి ఛాతీకి తగిలింది. కుప్పకూలిన అతడు మళ్లీ లేవలేదు. ఇలాంటి మరణాలను వైద్యులు కమోషియో కార్డిస్ అంటారు. పక్కటెముక విరగదు, గుండెకు గాయం కనిపించదు, రక్తం కారదు. గుండె ప్రతి కొట్టుకోవడంలోనూ సెకనులో యాభయ్యో వంతు పాటు ఒక బలహీన క్షణం ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో, సరిగ్గా గుండె మీద దెబ్బ తగిలితే గుండె కింది గదులు లయ తప్పి వణకడం మొదలుపెడతాయి. రక్తప్రసరణ ఆగిపోతుంది. దెబ్బ తిన్నవారు రెండడుగులు వేసి పడిపోవచ్చు, నిలబడిన చోటే కూలిపోవచ్చు.

తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఒకటుంది. ఇందుకు అంతర్జాతీయ స్థాయి వేగం అక్కర్లేదు. జంతువులపై చేసిన ప్రయోగాల్లో గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగంతో తగిలిన బంతి వల్లనే ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. బడిపిల్లలు కొట్టే బంతికి ఆ వేగం సులువుగానే వస్తుంది. బాధితుల్లో అత్యధికులు పదిహేనేళ్లకు అటూ ఇటూ ఉన్న మగపిల్లలు. ఆ వయసులో ఛాతీ గోడ మెత్తగా ఉండి దెబ్బను నేరుగా గుండెకు చేరవేస్తుంది. బంతి ఎంత గట్టిదైతే ముప్పు అంత ఎక్కువ.

మామూలు స్పాంజి కవచాలు దీన్ని ఆపలేవని తేలడం మరో చేదు నిజం. ఛాతీ కవచం ధరించి కూడా మరణించినవారు ఉన్నారు. కవచం చిన్నదై గుండె భాగాన్ని కప్పకపోవడం, చేయి పైకెత్తగానే పక్కకు జరగడం కొన్ని కారణాలు. ఈ నేపథ్యంలో అమెరికాలో క్రీడా సామగ్రి ప్రమాణాలను నిర్ణయించే నాక్సే సంస్థ గుండె రక్షణకు ప్రత్యేకంగా ఎన్‌డీ200 అనే ప్రమాణాన్ని రూపొందించింది. అక్కడి లాక్రోస్ పోటీల్లో 2021 జనవరి నుంచి గోల్ కీపర్లు ఆ గుర్తు ఉన్న కవచమే ధరించాలి. ముప్పు పూర్తిగా తొలగిపోతుందని ఆ ప్రమాణమూ హామీ ఇవ్వదు, గణనీయంగా తగ్గిస్తుంది.

హాకీ అంతర్జాతీయ నిబంధనలు గోల్ కీపర్‌కు కనీసంగా చెప్పినవి శిరస్త్రాణం, కాళ్ల ప్యాడ్లు, బూట్లపై తొడిగే కిక్కర్లు మాత్రమే. ఆ కనీస జాబితాలో ఛాతీ కవచం పేరు లేదు. పెద్ద స్థాయి కీపర్లంతా దాన్ని ధరిస్తారు కనుక అక్కడ ఇబ్బంది రాదు. నిబంధనలో లేదు కదా అని పాఠశాల కొనుగోలు జాబితా నుంచి దాన్ని కొట్టేస్తే మాత్రం ముప్పు కొనితెచ్చుకున్నట్లే.

తల, మెడ, కన్ను

శిరస్త్రాణం ప్రాధాన్యం ఇప్పుడు ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఒకప్పుడు అది పిరికితనంగా కనిపించేది. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ఐస్ హాకీ కీపర్ జాక్ ప్లాంట్ ముఖం చిట్లి కుట్లు పడిన తర్వాత, ముసుగు లేకుండా మళ్లీ దిగనని పట్టుబట్టి ఆ ఆట తీరునే మార్చారు. మన దేశంలో కన్ను కోల్పోయేంత పని వికెట్ కీపర్ సబా కరీంకు ఎదురైంది. 2000 మేలో ఢాకాలో అనిల్ కుంబ్లే వేసిన బంతి కంటికి తగిలి ఆయన క్రీడా జీవితం అర్ధాంతరంగా ముగింపు దశకు చేరింది. స్టంప్స్‌కు దగ్గరగా నిలిచే కీపర్లకు హెల్మెట్ తప్పనిసరి చేయడానికి ఐసీసీకి 2023 వరకు పట్టింది.

కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయాలి. పిల్లలు ఆడే బంతినే తీసుకొని ముందు జాలీకి, పై అంచుకు మధ్య ఉన్న సందులో నెట్టి చూడాలి. దూరితే ఆ హెల్మెట్ పనికిరాదు. పిల్లల బంతి పెద్దల బంతి కంటే చిన్నది కనుక పెద్దల హెల్మెట్ సందులో అది దూరే అవకాశం ఉంది. గడ్డం పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపినప్పుడు హెల్మెట్ విడిగా కదలరాదు. ఖర్చు తగ్గుతుందని మోటారు సైకిల్ హెల్మెట్ పెట్టడం సరికాదు. దాని ముందు అద్దం బంతిని ఆపడానికి చేసింది కాదు, కిందికి వచ్చే బంతి కనిపించదు కూడా.

ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్ 2014 నవంబరులో హెల్మెట్ ధరించి ఉండగానే ప్రాణాలు కోల్పోయారు. బంతి హెల్మెట్ కప్పని మెడ భాగంలో తగలడమే కారణం. లాక్రోస్ కీపర్ల శిరస్త్రాణానికి కింద వేలాడే గొంతు కవచం విడిగా బిగిస్తారు. హాకీలోనూ గొంతు కవచాలు దొరుకుతాయి. ధర తక్కువ, ఉపయోగం ఎక్కువ. బాలురకు అబ్డామెన్ గార్డు, బాలికలకు పెల్విక్ గార్డు ఇబ్బందిపడి అడగకుండా వదిలేసేవే ఎక్కువ. ఆ మాట ఉపాధ్యాయులే ముందుగా ఎత్తాలి.

ఒక్కటే కిట్.. కొలతలు వేరు

సమగ్ర శిక్ష కింద క్రీడా సామగ్రికి ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి రూ.5 వేలు, ప్రాథమికోన్నత పాఠశాలకు రూ.10 వేలు, ఉన్నత పాఠశాలకు రూ.25 వేల వరకు కేటాయించేలా మార్గదర్శకాలు ఉన్నాయి. హాకీ కీపర్ పూర్తి సామగ్రి కొంటే ఉన్నత పాఠశాల వాటాలోనూ పెద్ద భాగం దానికే పోతుంది. కాబట్టి బడికి ఒకటే కిట్ ఉండటం సహజం. దాన్నే ఎనిమిదో తరగతి బాలికా, పదో తరగతి బాలుడూ మార్చి మార్చి తొడుక్కుంటే ఒకరికి వదులు, మరొకరికి బిగుతు. వదులైన ఛాతీ కవచం లేనిదానితో సమానం. డబ్బు తక్కువైనప్పుడు ప్యాడ్లు, కిక్కర్లు ఉమ్మడిగా వాడుకొని, హెల్మెట్, ఛాతీ కవచాలను మాత్రం రెండు కొలతల్లో కొనడం మేలు. పక్క పక్క పాఠశాలలు కలిసి కొన్నా తప్పులేదు. అది కూడా కుదరని చోట కీపర్‌ను గట్టి బంతికి ఎదురు నిలపకుండా సాధన మెత్తని బంతితో సాగించాలి.

భూపాలపల్లిలో కాకతీయ గనుల కార్మికుల పిల్లలకు ఈ మాట కొత్త కాదు. హెల్మెట్, బూట్లు లేకుండా తండ్రి గనిలోకి దిగడని వారికి తెలుసు.

సామగ్రి నిల్వ కూడా ముఖ్యమే. స్టోర్ గదిలో మూలన పడేస్తే ఎలుకలు స్పాంజిని కొరికేస్తాయి. చెమటతో తడిసిన కవచాన్ని మండుటెండలో ఆరబెడితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. నీడలో గాలికి ఆరబెట్టాలి. వేసవి శిబిరాల్లో మరో జాగ్రత్త అవసరం. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో పూర్తి సామగ్రితో నిలిచే కీపర్‌కు అందరికంటే ముందు వడదెబ్బ తగులుతుంది. వారి సాధన తెల్లవారుజామునే ముగించి, మధ్యలో హెల్మెట్ తీయించి నీళ్లు తాగించాలి.

పడిపోతే ఏం చేయాలి?

ఛాతీకి బంతి తగిలిన పిల్లవాడు కూలిపోయి పిలిస్తే పలకకపోతే, మొహాన నీళ్లు చల్లుతూ సమయం వృథా చేయరాదు. అప్పుడప్పుడు ఎగశ్వాస వచ్చినా అది మామూలు శ్వాస కాదు. ఒకరు 108కు ఫోన్ చేయాలి. మరొకరు కవచం పట్టీలు విప్పి లేదా కోసి, ఛాతీ మధ్యన రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ సహాయం వచ్చేదాకా ఆపకుండా సీపీఆర్ చేయాలి. గుండెను మళ్లీ లయలోకి తెచ్చేది ఏఈడీ అనే విద్యుత్ షాక్ పరికరం. అది అందడం ఒక్కో నిమిషం ఆలస్యమయ్యే కొద్దీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 సేవలు ఎందరినో కాపాడాయి. అయినా మారుమూల మండలానికి అంబులెన్సు చేరడానికి పట్టే సమయంలో ఆ పిల్లవాడి ప్రాణం మైదానంలో ఉన్నవారి చేతుల్లోనే ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చిలో సీపీఆర్ శిక్షణ కార్యక్రమం ప్రారంభించింది. మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక్క పూట శిక్షణ ఇప్పించడం అధికారులకు పెద్ద పని కాదు. జిల్లా స్థాయి పోటీలు జరిగే మైదానంలో ఒక ఏఈడీ ఉంచాలని కోరడమూ అత్యాశ కాదు.

తలకు దెబ్బ తగిలిన సందర్భం వేరు. మెడకు గాయమైందన్న అనుమానం ఉంటే హెల్మెట్ లాగి తీయరాదు. వాంతి, మగత, తికమక, చూపు మసకబారడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. పిల్లవాడు బాగానే ఉన్నానని చెప్పినా ఆ రోజు మళ్లీ గోల్‌లో నిలపరాదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి పగులు కనిపించకపోయినా పక్కన పెట్టి, తర్వాతి జట్టుకు ఇవ్వకుండా దానిపై తేదీ రాసి ఉంచాలి.