వన్‌టౌన్‌లో కాలినడక

విశాఖ వెళ్లినవారు బీచ్ చూసి వచ్చేస్తారు. మేమైతే పిల్లలతో కలిసి వన్‌టౌన్‌లో నడవమంటాం. విక్టోరియా రాణి విగ్రహం, కురుపాం మార్కెట్ చూసుకుని రేవువైపు సాగితే మరియమాత చర్చి, దర్గా, వేంకటేశ్వరాలయం ఉన్న మూడు కొండలు కనబడతాయి. ఎండ ముదరకముందే ఎక్కాలి సుమా!

రాణిగారి విగ్రహం అందరికీ తెలుసు. జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్‌ల పేర్లు మన సండేస్కూలు పిల్లల్లో ఎందరికి తెలుసు? ప్రియులారా, నడుస్తూ నడుస్తూ వారికి ఈ సంగతి చెప్పండి. లండన్ మిషనరీ సొసైటీ పంపగా ఆ ఇద్దరు దైవసేవకులు 1805లో ఈ పట్నం చేరారు. తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన విశ్వాసి ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తలను తెనిగించడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో ప్రభువునందు నిద్రించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి, ఆ పుటలు తిప్పి చూసుకునేందుకు వారిలో ఒక్కరూ లేరు.