మీకు తెలుసా? ఫిల్మ్ రీలు నుంచి ఫేస్ క్రీము దాకా

కెమెరా రీళ్లతో పేరు తెచ్చుకున్న జపాన్ కంపెనీ ఫ్యూజీఫిల్మ్ 2007లో ‘అస్టాలిఫ్ట్’ పేరుతో చర్మ సౌందర్య క్రీములు తెచ్చింది. ఫోటోల కంపెనీకి ఈ పనేమిటి అనిపిస్తుంది కదూ! ఫిల్ము మీది పూతలో జెలటిన్ ముఖ్యం. అది తయారయ్యేది కొలాజెన్ నుంచి. మన చర్మాన్ని బిగువుగా ఉంచేదీ కొలాజెనే. ఫోటో రంగు వెలిసిపోవడానికీ, చర్మం ముడతలు పడటానికీ ఆక్సీకరణ ఒక కారణం. దాన్ని అడ్డుకోవడం ఎలాగో ఆ కంపెనీ దశాబ్దాలుగా పరిశోధించింది.

కలర్ ఫిల్ము గిరాకీ 2000 ప్రాంతంలో పతాకస్థాయికి చేరి, ఆపై నిలువునా పడిపోయింది. అధిపతి షిగెటకా కొమోరి హయాంలో కంపెనీ తనకొచ్చిన విద్యలన్నీ లెక్క తీసింది. ఫిల్ముకు ఆధారంగా వాడే పారదర్శక పొర ఎల్‌సీడీ తెరల్లోకి వెళ్లింది. 2008లో టొయామా కెమికల్‌ను కొని మందుల తయారీని విస్తరించింది. ఈ మలుపులో వేలమంది ఉద్యోగాలు పోయాయి, అదీ మరచిపోకూడదు.

ఫిల్ము వ్యాపారంలో ఫ్యూజీకి పోటీదారైన అమెరికా కంపెనీ కొడాక్ ఈ మార్పును గమనించక నిద్రపోయిందనడం మాత్రం అన్యాయం. డిజిటల్ కెమెరా 1975లో దాని ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేతుల్లోనే పుట్టింది. కానీ 1994లో రసాయనాల విభాగాన్ని వేరుచేసింది, మందుల వ్యాపారాన్నీ వదులుకుంది. నా దృష్టిలో అసలు దెబ్బ అదే. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది.

ఫ్యూజీ 1998లో తెచ్చిన ఇన్‌స్టాక్స్ కెమెరాలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి, ఫిల్ముతోనే!