మొక్కు తీరాక మెట్ల మీద

అహోబిలం పోయొచ్చినవాళ్లను ఊళ్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఉగ్రస్తంభం ఎక్కినారా?" ఎట్లా దిగినారని మాత్రం ఎవరూ అడగరు. మొక్కేదీ ఎక్కడానికే, చెప్పుకునేదీ ఎక్కడం గురించే. పొద్దున ఎగువ అహోబిలంలో బయలుదేరేటప్పుడు నీళ్ల సీసా నిండుగా ఉంటుంది, చేతిలో కర్ర ఉంటుంది, నోట్లో గోవింద నామం ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి సీసా ఖాళీ అవుతుంది, కర్ర ఏ బండ దగ్గరో ఉండిపోతుంది, మనసు ఆళ్లగడ్డ బస్సు మీదికి పోతుంది. కాలు జారేది ఎక్కువగా అప్పుడే.

నల్లమలలో ఈ దారులు నిన్నటివి కావు. అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించినవాడిగా 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డికి పేరుంది. ఎర్రన హరివంశాన్ని అంకితం తీసుకున్నది ఆయనే. మెట్లు కట్టించడాన్ని రాజులు సత్రాలు, చెరువులతో సమానమైన పుణ్యంగా లెక్కపెట్టారంటే, అవి లేనప్పుడు ఈ కొండల్లో జనం ఎన్ని తిప్పలు పడి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలం నడిచే కన్నడ భక్తులు నేటికీ భీముని కొలను లోయలో రాతిమెట్ల మీదనే పోతారు. వాళ్లు వచ్చేది ఉగాదికి, అంటే మన ఎండలు ముదిరే వేళ.

రాతిమెట్టుతో ఉన్న చిక్కు దాని ఎత్తు ఒక్కటే కాదు, ఏ రెండు మెట్లూ ఒక్కలా ఉండకపోవడం. మన ఇళ్లకు ఒక లెక్క ఉంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంటి మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదు, జనం చేరే భవనాల్లో 15 దాటకూడదు. రెండు మెట్ల ఎత్తుకు ఒక మెట్టు వెడల్పు కలిపితే మనిషి ఒక అంగకు సరిపోవాలని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాంస్వా బ్లాండెల్ సూత్రం చెప్పాడు. కొండ మీద రాయి దొరికినట్టే మెట్టు కుదురుతుంది. రెండు మూడు మెట్లు దిగగానే నాలుగోదీ అంతే ఉంటుందని కాలు తనంతట తాను తీర్మానించుకుంటుంది. ఆ నాలుగోది జానెడు లోతు ఎక్కువుంటే మడమ గాల్లో ఉండిపోతుంది. యాగంటిలో వేంకటేశ్వరుడి గుహకు పోయే నిట్రమైన మెట్లు ఎక్కినవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎక్కేటప్పుడు గుండె, ఊపిరి ఆగమంటాయి. ఆయాసం వస్తే ఎవరైనా కూర్చుంటారు. దిగేటప్పుడు ఆ హెచ్చరిక ఉండదు, ఊపిరి హాయిగానే ఆడుతుంది. తొడ ముందు కండరాలు మాత్రం ఒంటి బరువునంతా పట్టి ఆపుతూ, సాగుతూ పనిచేస్తుంటాయి. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకు మూడున్నర రెట్ల దాకా ఉంటుందని కొలిచి చూసినవారు చెబుతారు. డెబ్బై కిలోల మనిషి మోకాలు అడుగడుగునా దాదాపు రెండు క్వింటాళ్ల నలభై కిలోలు మోస్తోందన్నమాట. కండరం అలిసిందనడానికి మొదటి గుర్తు నొప్పి కాదు, వణుకు. నిలబడితే మోకాళ్లు వణుకుతున్నాయంటే కూర్చోవాల్సిందే. పావుగంట కూర్చుని నాలుగు శెనక్కాయలూ ఒక బెల్లంముక్కా నోట్లో వేసుకుంటే పోయేదేమీ లేదు.

దిగే పద్ధతి తెలియాలంటే డోలీ మోసేవాళ్ల వెనక కాసేపు నడిస్తే చాలు. ఏ అడుగూ సాగదీయరు. మోకాలు పూర్తిగా చాచకుండా, పాదమంతా రాయి మీద ఆనించి, నిట్రంగా ఉన్నచోట పక్కవాటుగా తిరిగి దిగుతారు. మనం కర్రను తప్పు చోట ఆనిస్తాం. దిగేటప్పుడు కర్ర ముందు కింది మెట్టును తాకాలి, తర్వాతే కాలు. మెట్టు నడిమి భాగం వందల ఏళ్ల పాదాలకు అరిగి నునుపెక్కి ఉంటుంది, అంచు వైపు గరుకు మిగిలుంటుంది. అయితే ఎండాకు పోగయ్యేదీ అంచుల్లోనే. ఎండిన ఆకు రాయి మీద నీళ్లకంటే ఎక్కువ జారుతుందని మైదానంవాళ్లు నమ్మరు, ఒకసారి జారేదాకా.

పెద్దవాళ్ల విషయంలో ఎవరూ చెప్పని సంగతి కళ్లద్దాలది. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దం పెట్టుకునేవాళ్లకు కిందికి చూస్తే చదివే అద్దంలోంచి మెట్టు కనిపిస్తుంది, అంటే మసకగా, ఉన్నచోటు తప్పి. దూరం చూసే అద్దాలు మాత్రమే ఉన్న జత ఒకటి వెంట తెచ్చుకోవాలి, లేదా మెడ బాగా వంచి చూడాలి. తాతనో అవ్వనో పట్టుకుని నడిపించేవారు ఎప్పుడూ పల్లం వైపే ఉండాలి: ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ముందు. మనం దిగేటప్పుడు వెనక నిలబడి చెయ్యి పట్టుకుంటాం. మనిషి తూలితే ఆ చెయ్యి ఇద్దరినీ లాగుతుంది.

చెప్పుల సంగతి చెబితే కొందరికి నచ్చదు. తాళ్లపాక అన్నమయ్య కుర్రతనంలో చెప్పులతో తిరుమల కొండెక్కుతూ మోకాళ్ల మెట్టు దగ్గర సొమ్మసిల్లాడనీ, అలమేలుమంగ వచ్చి చెప్పులు విడవమని చెప్పిందనీ మన కడప జిల్లాలో పిల్లలకు కూడా తెలిసిన కథ. నమ్మకం నమ్మకమే. చల్లటి, పొడి రాతి మీద ఒట్టి కాలుకున్నంత పట్టు చాలా చెప్పులకు ఉండదు కూడా. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం బండ గాలికంటే ఎంతో ఎక్కువ కాలుతుంది. కాలే అరికాలు తొందరపడుతుంది, తొందరపడ్డ అరికాలు తప్పుచోట పడుతుంది. వట్టికాళ్ల మొక్కు ఉంటే తెల్లవారుజామున ఎక్కి ఎండ ముదరకముందే దిగండి. చెప్పులతో పోయేవాళ్లు హవాయి జోడు ఇంట్లోనే వదిలెయ్యండి. మడమను పట్టి ఉంచని జోడు దిగుడులో పనికిరాదు.

వానాకాలం లెక్క వేరు. అహోబిలంలో భవనాశి వాగు పారేటప్పుడు జ్వాలా నృసింహుడి గుహ ముందు పైనుంచి నీళ్లు జాలువారతాయి, ఫోటోలకు జనం ఎగబడేది అక్కడే. ఆ చుట్టుపక్కల బండలకు పట్టే పాచి మీద ఏ చెప్పూ ఆగదు. వంక దాటేటప్పుడు పచ్చగా, నల్లగా మెరిసే రాయిని వదిలి నీళ్లలోనైనా సరే గరుకు రాయి వెతుక్కోవాలి. పైన వాన పడుతుంటే వంకే దాటకూడదు.

జాతర రోజుల్లో ప్రమాదం రాయి నుంచి రాదు, పక్కమనిషి నుంచి వస్తుంది. 2005 జనవరిలో మహారాష్ట్ర మాంఢరదేవి కొండ మీద 250 మందికి పైగా చనిపోయారు. కొబ్బరినీళ్లకు మెట్లు తడిసి జారడంతో తొక్కిసలాట మొదలైందని అప్పట్లో వార్తలొచ్చాయి. 2008 ఆగస్టులో హిమాచల్‌లోని నైనాదేవి గుడిమెట్ల మీద కొండచరియ విరిగిందన్న పుకారుకే దాదాపు 150 మంది బలయ్యారు. మెట్టు మెట్టుకూ పసుపు పూసి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టే అలవాటు మనకూ ఉంది. మెట్లపూజ చేసేవారు ఒక వారకు చేసుకుంటే వెనక వచ్చేవాళ్లకు దారి మిగులుతుంది. దేవస్థానాలవాళ్లు కూడా స్వాగత ద్వారాల మీద పెట్టే డబ్బులో కొంత దిగుడు వైపు చేతిపట్టు కమ్మీలకు పెట్టొచ్చు. ఎక్కేవారినీ దిగేవారినీ వేరుచేసే ఒక్క కమ్మీ ఎంత పని చేస్తుందో తిరునాళ్ల రోజు చూస్తే తెలుస్తుంది.

పడినవాళ్లను వెంటనే లేపి నిలబెట్టడం మనకు అలవాటు. తల తగిలినా, మెడ నొప్పన్నా కదిలించకూడదు. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని, ఒకరు కిందికి వెళ్లి డోలీ పిలుచుకురావాలి. నల్లమల లోపల ఫోను పలకదు, 108కి చెప్పాలన్నా సిగ్నల్ ఉన్నచోటికి మనిషే పోవాలి. ఇది పులులుండే అడవి కాబట్టి చీకటి పడేలోగా బయటపడటం నియమం కూడా.

ఇక మా పాఠకులు ఎక్కువగా అడిగేది: అహోబిలంలోని తొమ్మిది నృసింహాలయాలూ ఒక్కరోజులో అవుతాయా? అవుతాయి, చేసినవాళ్లున్నారు. చెయ్యొద్దని నా మాట. మొదటి రోజు పొద్దున్నే ఎగువ అహోబిలంలో మొదలుపెట్టి వరాహం, మాలోలం, జ్వాల చూసుకుని ఆ పూటకే దిగండి. ఉగ్రస్తంభం ఎక్కాలన్న పట్టుదల ఉంటే దానికి వేరే పొద్దు కేటాయించండి, అక్కడ మెట్లుండవు, రాళ్లూ వేళ్లూ పట్టుకుని పోవాలి. దిగుడు నొప్పి అసలు బలం చూపేది రెండో రోజు. మంచం దిగడానికే తొడలు ఒప్పుకోవు. కారంజ, ఛత్రవట, యోగానంద నృసింహాలు బండి పోయే దారుల్లో ఉన్నాయి. వాటిని ఆ రెండో రోజుకు అట్టిపెట్టుకోండి.