18 అంగుళాలు అంటే చాలదు

గాలివాన వెలిసిన మర్నాడు ఊళ్లలో చైన్ రంపం మోత మొదలవుతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను, 2018లో తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చిపారేసినప్పుడు రోడ్డుకడ్డంగా పడిన చెట్లను ముక్కలు చేసి దారి ఇచ్చింది ఈ రంపాలే. జామాయిల్, సరుగుడు వేసిన రైతుల మోటారు షెడ్లలోనూ ఇప్పుడివి కనిపిస్తున్నాయి. సరిగ్గా చూసుకుంటే మిషన్ ఏళ్లతరబడి పనిచేస్తుంది. మధ్యలో అరిగి మార్చాల్సివచ్చేది చైను. మార్చడం చేయి తిరిగినవాళ్లకు పావుగంట పని. డబ్బు దండగయ్యేది అంతకుముందే, దుకాణంలో.

"18 అంగుళాల చైను ఇవ్వండి" అని అడుగుతారు. 18 అంగుళాలు అనేది బారు, అంటే చైను చుట్టూ తిరిగే పట్టీ పొడవు, చైను కొలత కాదు. చైనుకు మూడు కొలతలు కావాలి. మొదటిది పిచ్. వరసగా మూడు రివెట్లు తీసుకుని, మొదటిదాని నడిమి నుంచి మూడోదాని నడిమికి స్కేలు పెట్టాలి. పదహారున్నర మిల్లీమీటర్లు వస్తే అది .325 చైను, పందొమ్మిది వస్తే 3/8. రెండోది గేజ్, అంటే బారు గాడిలోకి దిగే లింకు మందం. ఎక్కువ మిషన్లలో ఇది 1.1 నుంచి 1.6 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. గాడికి తగనంత పలచనైతే చైను పక్కకు ఒరిగి కోత వంకరపోతుంది. మందమైతే అసలు దిగదు.

మూడోది, చాలామంది మరిచిపోయేది, గాడిలో దిగే ఆ లింకుల లెక్క. దుకాణాల్లో డ్రైవ్ లింకులంటారు. ఒకే 18 అంగుళాల బారు, ఒకే .325 పిచ్, అయినా ఒక మిషన్‌కు 68 లింకులు పడితే ఇంకోదానికి 72 కావాలి. నాలుగు లింకులే కదా అనుకోకూడదు, ఆరున్నర సెంటీమీటర్ల చైను తేడా. పొట్టిదైతే బారు మీదికి ఎక్కదు, పొడుగుదైతే బిగువు సరిచేసే స్క్రూ చివరిదాకా తిప్పినా వేలాడుతూనే ఉంటుంది. పాత చైనును గోనెసంచి మీద పరిచి, ఒక లింకుకు దారం కట్టి అక్కడినుంచి లెక్కపెట్టుకుంటే పొరపాటు రాదు. దుకాణానికి ఆ పాత చైనునే పట్టుకెళ్తే ఇంకా మేలు.

బిగించేముందు ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్ క్యాప్ ఊడదీయాలి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి, ఆగి ఉన్న చైను కూడా వేళ్లు కోస్తుంది. ముందున్న గార్డును వెనక్కి లాగి బ్రేకు వదిలించాలి. చాలా మిషన్లలో బ్రేకు పట్టీ పక్క మూతలోనే ఉంటుంది కాబట్టి, బ్రేకు పడి ఉంటే మూత తిరిగి కూర్చోదు. కొత్తగా చేసేవాళ్లు విసిగిపోయేది ఇక్కడే.

మూత, పాత చైను తీశాక బారు గాడిలో నూనె, పొట్టు కలిసి గట్టిపడిన నల్లటి మడ్డి కనిపిస్తుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో దాన్ని గీకెయ్యాలి, నూనె వచ్చే చిన్న రంధ్రాన్నీ శుభ్రం చెయ్యాలి. బారును తలకిందులు చేసి పెడితే రెండంచులూ సమంగా అరుగుతాయి. చైనును తిప్పే పళ్లచక్రం మీద లోతుగా గాట్లు పడి ఉంటే దాన్ని కూడా మార్చాల్సిందే. అరిగిన చక్రం మీద కొత్త చైను వెయ్యడం దాన్ని చేజేతులా పాడుచేసుకోవడమే.

ఇక కొత్త చైను. బారు పైఅంచున కోతపళ్ల పదును ముక్కువైపు చూడాలి. తిరగేసి వేస్తే పొగ వస్తుందే తప్ప కర్ర తెగదు. ఆ పళ్లను ఒక్కసారి దగ్గరగా చూడండి, కొక్కెంలా వంగి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి ఉంటాయి. 1946లో అమెరికాలో జో కాక్స్ అనే కలప పనివాడు మోడులో తొలుచుకుపోతున్న పెంకుపురుగు లార్వాను గమనించాడు. దాని దవడలు కర్రను నిలువుకీ అడ్డానికీ సులువుగా కోస్తున్నాయి. ఆ దవడల తీరునే ఉక్కులో దించి మరుసటి ఏడాది చైను అమ్మకానికి తెచ్చాడు. మన తోటల్లో తిరుగుతున్న చైన్లది చాలావరకు ఆ పోలికే.

మూత పెట్టి నట్లు చేత్తో మాత్రమే బిగించి, బారు ముక్కును పైకెత్తి పట్టుకుని అడ్జస్టింగ్ స్క్రూ తిప్పాలి. కిందివైపు వేలాడే చైను బారును అంటుకోగానే ఆపి, ముక్కును అలాగే ఎత్తి ఉంచి స్పానర్‌తో నట్లు బిగించాలి. ఎత్తకుండా బిగిస్తే, కోతలో బారు పైకి జరిగి చైను మళ్లీ వదులవుతుంది. గ్లౌజు చేత్తో లాగితే చైను సాఫీగా తిరగాలి. నడిమిన పట్టి ఎత్తితే లింకులు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. నడుస్తున్న చైను వేగం సెకనుకు 20 మీటర్ల దాకా ఉంటుంది. ఆ వేగంలో గాడి తప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నూనె పోసి, స్టార్ట్ చేసి, ముక్కును తెల్లటి అట్టవైపు దూరంగా చూపితే దాని మీద సన్నటి నూనె గీత పడాలి. పడలేదంటే కోత మొదలుపెట్టకూడదు. ఖర్చు కలిసొస్తుందని కొందరు కాలిన ఇంజన్ ఆయిల్ పోస్తారు. అందులోని లోహపు రజను బారునూ చైనునూ తినేస్తుంది.

కొత్త చైను మొదటి అరగంటలోనే సాగుతుంది. రెండు మూడుసార్లు ఆపి, చల్లారాక బిగువు చూసుకోవాలి. సాయంత్రం పని ముగిశాక మాత్రం దాన్ని కాస్త వదులు చేసి పెట్టాలి. వేడిలో బిగించిన చైను రాత్రి చల్లబడి ముడుచుకుని ఇంజన్ షాఫ్టును, బేరింగులను లాగి పట్టేస్తుంది.