కరోనాకాలపు దినచర్య - పిల్లల తలనొప్పి: నంద్యాల, ఆళ్లగడ్డ నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:
కరోనా కాలంలో పిల్లల తలనొప్పికి సెల్‌ఫోనే కారణమన్న అభిప్రాయం ఇళ్లలో బలపడింది. అది పాక్షిక సత్యం మాత్రమే. బడి మూతపడటంతో నిద్ర, భోజనం, మంచినీరు, ఆట అనే నాలుగింటి వేళలూ ఒకేసారి చెదిరాయి. పిల్లల బాధను గమనించే ఉపాధ్యాయుల దృష్టీ దూరమైంది. ఈ రెండు మార్పులను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత జీవన నేపథ్యంలో, వైద్య పరిశోధనల వెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తలనొప్పి, పార్శ్వపునొప్పి, దినచర్య, కరోనా, పాఠశాల, నంద్యాల, ఆళ్లగడ్డ.

1. ఉపోద్ఘాతం:
తెలుగు వ్యవహారంలో 'తలనొప్పి' అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి శరీరబాధ, రెండోది విసుగు కలిగించే వ్యవహారం. పెద్దలు "అదొక తలనొప్పి" అన్నప్పుడు రెండో అర్థమే వినిపిస్తుంది. పిల్లలు "తలకాయ నొస్తాంది" అన్నప్పుడు కూడా చాలా ఇళ్లలో అది బడికి పోకుండా ఉండటానికి చెప్పే సాకుగానే చెవిన పడుతుంది. జ్వరానికి థర్మామీటరు ఉంది, దెబ్బకు గాయం కనిపిస్తుంది. తలనొప్పికి పిల్లవాడి మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. బడులు మూతపడి, సాకు చెప్పవలసిన అవసరమే లేని కాలంలో కూడా పిల్లలు ఆ మాట అన్నారంటే దానిని బాధగానే పరిగణించాలి.

2. పేరు చూపని నొప్పి:
మైగ్రేన్‌ను తెలుగులో 'పార్శ్వపునొప్పి' అంటారు. ఆయుర్వేదంలోని 'అర్ధావభేదకం' అన్న పేరు కూడా సగం తలలో వచ్చే నొప్పినే సూచిస్తుంది. పెద్దలలో ఈ లక్షణం తరచుగా కనిపించేదే. పిల్లలలో మాత్రం మైగ్రేన్ చాలాసార్లు నుదుటికి, రెండు కణతలకు కలిపి వస్తుంది. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ 2018 నాటి మూడో కూర్పు ఈ భేదాన్ని పేర్కొంది. పిల్లల మైగ్రేన్ రెండు గంటల నుంచి 72 గంటల వరకు ఉండవచ్చని, వెలుతురునూ శబ్దాన్నీ సహించలేని స్థితిని వారి ప్రవర్తనను బట్టి గుర్తించవచ్చని కూడా తెలిపింది. చీకటి గదిలోకి వెళ్లి పడుకోవడం, టీవీ ఆపమనడం, వాంతి చేసుకోవడం అటువంటి గుర్తులు. నొప్పి ఒక పక్కనే రావాలని పేరును బట్టి ఆశించేవారికి ఈ గుర్తులు కనిపించినా వ్యాధి స్ఫురించదు. ఒక పారిభాషిక పదం వ్యాధి నిర్ధారణకు అడ్డుపడగలదనడానికి ఇదొక ఉదాహరణ.

3. బడిగంట ఆగిన కాలం:
2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయ్యేనాటికే ఆంధ్రప్రదేశ్‌లో బడులు మూతపడ్డాయి. నంద్యాల, ఆళ్లగడ్డ అప్పటికి కర్నూలు జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా అయింది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు నమోదైన జిల్లాలలో కర్నూలు ఒకటి కావడంతో ఇక్కడ ఆంక్షలూ భయమూ తీవ్రంగానే ఉన్నాయి. 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో బడులు దశలవారీగా తెరుచుకున్నాయి. రెండో విజృంభణతో 2021 ఏప్రిల్‌లో మళ్లీ మూతపడి, ఆగస్టు 16న తిరిగి మొదలయ్యాయి. పదో తరగతి పరీక్షలు వరుసగా రెండేళ్లు రద్దయ్యాయి.

ఈ కాలంలో చదువు తెరమీదికి మారింది. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ప్రైవేటు పాఠశాలలు ఆన్‌లైన్ తరగతులు నడిపాయి. కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో విడుదల చేసిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు 30-45 నిమిషాల తరగతులు రెండింటికి, తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు నాలుగింటికి మించరాదన్నాయి. తరగతి ముగిశాక ఫోనుతో గడిచే కాలం ఈ పరిమితిలోకి రాదు.

4. చెదిరిన నాలుగు వేళలు:
బడిగంట చదువు వేళనే కాక పిల్లల శరీరానికి అవసరమైన వేళలనూ నిర్ణయిస్తుంది. మైగ్రేన్ స్వభావమున్న పిల్లల మెదడు మార్పును త్వరగా సహించదు. నిద్ర తగ్గినా పెరిగినా, భోజనం తప్పినా నొప్పి రేగుతుంది.

మొదటిది నిద్రవేళ. పొద్దున లేవవలసిన పని లేనప్పుడు రాత్రి మెలకువ పెరుగుతుంది, నిద్ర పగటిలోకి జరుగుతుంది. రెండోది భోజనవేళ. ఆలస్యంగా లేచిన పిల్లలు ఉదయపు తిండి మానేస్తారు. మధ్యాహ్న భోజన పథకం కింద బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇంటికి అందాయి గాని, పన్నెండున్నరకు అందరితో కూర్చుని తినే వేళ అందలేదు. మూడోది నీరు. నంద్యాల ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. రెండుసార్లూ బడులు మూతపడింది ఎండలు ముదిరే కాలంలోనే. రేకుల కప్పు కింద కూర్చుని తెర చూసే పిల్లవాడు దాహాన్ని గుర్తించడు. నాలుగోది ఆట. ఒంటికి కదలిక లేకపోగా మెడ వంచి చిన్న తెరను చూడటంతో మెడ, భుజాల కండరాలు బిగుసుకొని ఒత్తిడి తలనొప్పికి దారితీస్తాయి.

స్థల నేపథ్యం కూడా ఇక్కడ గమనార్హం. ఆళ్లగడ్డ శిలాశిల్పానికి ప్రసిద్ధి. శిల్పశాలకు ఆనుకొని ఉన్న ఇంట్లో, బడి ఉన్న రోజుల్లో పిల్లలు పగలంతా ఉలి చప్పుడుకూ రాతిదుమ్ముకూ దూరంగా ఉండగలిగేవారు. శబ్దాన్ని సహించలేని పిల్లవాడికి బడి మూత అంటే ఆ దూరం పోవడమే. పోటీపరీక్షల శిక్షణకు పేరున్న నంద్యాలలో పరిస్థితి వేరు. అక్కడ తరగతి గది తగ్గినా పోటీ తగ్గలేదు. పరీక్ష జరుగుతుందో లేదో తెలియని స్థితి ఆందోళనను పెంచేదే.

చరకసంహిత సూత్రస్థానం పదిహేడో అధ్యాయం శిరోరోగ కారణాలలో పగటినిద్ర, రాత్రి జాగరణ, దుమ్ము, ఎండ, కన్నీటిని ఆపుకోవడం, మనస్తాపం వంటివాటిని పేర్కొన్నది. ప్రాచీన వైద్యుల వివరణను నేటి నాడీశాస్త్రంతో సమానం చేయనవసరం లేదు. అయితే నిద్ర, పరిసరం, మనసు అనే మూడింటినీ ఒకే జాబితాలో చూసిన దృష్టి నేటికీ విలువైనదే.

5. రెండు పరిశోధనలు - రెండు ఫలితాలు:
2020లో ఇటలీలో జరిగిన ఒక పరిశీలనలో తొలి లాక్‌డౌన్ కాలంలో చాలామంది పిల్లలకు తలనొప్పి తగ్గినట్లు తేలింది. బడి ఒత్తిడి తగ్గడమే అందుకు ముఖ్యకారణమని పరిశోధకులు భావించారు. 2022లో వెలువడిన వాషింగ్టన్ పిల్లల ఆసుపత్రి పరిశీలన ఇందుకు భిన్నమైనది. అక్కడ తలనొప్పికి చికిత్స పొందుతున్న పిల్లలలో చాలామందికి నొప్పి ఎక్కువైంది. ఆందోళన, తెర చూసే కాలం పెరిగాయి.

ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. మొదటిది తొలి వారాల స్థితి, రెండోది నెలల తరబడి సాగిన స్థితి. బడి ఒత్తిడినీ ఇస్తుంది, క్రమాన్నీ ఇస్తుంది. మూతపడిన కొత్తలో ఒత్తిడి తొలగిన హాయి తెలిసింది. కాలం గడిచేకొద్దీ క్రమం పోయిన నష్టం పైకి వచ్చింది. ఫోను ఒక్కటే కారణమైతే తెర వాడకం పెరిగిన తొలి వారాల్లోనే నొప్పి పెరగవలసింది.

6. గమనించే కన్ను:
నల్లబల్ల మీది అక్షరాలు కనపడక కళ్లు చికిలించే పిల్లవాణ్ని మొదట గుర్తించేది ఉపాధ్యాయులే. 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభమైన వైఎస్సార్ కంటివెలుగు తొలిదశ రాష్ట్రంలోని బడిపిల్లలకే ఉద్దేశించినది. బడి ఆరోగ్య పరీక్షాకేంద్రంగా కూడా పనిచేస్తుందనడానికి ఇది నిదర్శనం. బడి మూతపడినప్పుడు ఆ చూపు ఇంటిమీద మాత్రమే ఆధారపడింది. కూలికి, పొలానికి వెళ్లే తల్లిదండ్రులకు పిల్లవాడు నెలలో ఎన్నిసార్లు పడుకున్నాడో లెక్క తెలియడం కష్టం. ఇంట్లో జ్వరం మాత్రలు సిద్ధంగా ఉన్న కాలంలో తలనొప్పికీ వాటినే వేయడం తేలిక. మూడు నెలలకు పైగా, నెలకు 15 రోజులు లేదా అంతకు మించి సాధారణ నొప్పిమాత్రలు వాడితే ఆ వాడకమే కొత్త తలనొప్పికి కారణమవుతుంది.

7. దినచర్యే తొలి చికిత్స:
అమెరికాలో 8-17 ఏళ్ల పిల్లలపై జరిగి 2017లో వెలువడిన ఒక ముఖ్య పరిశోధనలో, మైగ్రేన్ నివారణకు వాడే అమిట్రిప్టిలిన్, టోపిరామేట్ మందులు ఉత్తుత్తి మాత్రకంటే మెరుగైన ఫలితం ఇవ్వలేదు. మూడు వర్గాలలోనూ సగానికి పైగా పిల్లలకు నొప్పి రోజులు బాగా తగ్గాయి. కాబట్టి మందుకంటే ముందు సరిచేయవలసినవి నిద్ర, భోజనం, నీరు, ఆట. సెలవుల్లోనూ ఒకే వేళకు లేపడం, ఉదయపు తిండి మాననివ్వకపోవడం, నొప్పి వచ్చిన రోజును క్యాలెండరు మీద గుర్తుపెట్టడం ఏ ఇంట్లోనైనా సాధ్యమే. ఫోను లాక్కొని మిగిలిన వేళలను అలాగే వదిలేయడం తలగడ మార్చి తలనొప్పి పోవాలనుకోవడం వంటిది.

అయితే తెల్లవారుజామున నొప్పితో మేలుకొని వాంతి చేసుకోవడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మూర్ఛ, చూపు లేదా నడక మారడం, తలకు దెబ్బ తగిలాక వచ్చే నొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

8. ముగింపు:
1. కరోనా కాలంలో పిల్లల తలనొప్పిని తెర వాడకానికే పరిమితం చేసి చూడటం అసంపూర్ణం. దినచర్య క్రమం తప్పడం అంతకంటే విస్తృతమైన కారణం.
2. 'పార్శ్వపునొప్పి' అన్న పేరు పిల్లల మైగ్రేన్ స్వరూపాన్ని పూర్తిగా చూపదు. తెలుగులో వైద్య పారిభాషిక పదాలను వివరించేటప్పుడు ఈ భేదాన్ని చేర్చాలి.
3. ఎండల వల్లనో, వరదల వల్లనో బడులు మళ్లీ మూతపడవచ్చు. అప్పుడు పాఠాలతోపాటు నిద్ర, భోజన, ఆటల వేళలను కూడా ఇంటికి అందించే ఆలోచన పాఠశాలలు చేయాలి.
4. "తలకాయ నొస్తాంది" అన్న మాటను సాకుగా తోసిపుచ్చే ముందు, ఆ పిల్లవాడు రాత్రి ఎప్పుడు పడుకున్నాడో, పొద్దున ఏం తిన్నాడో అడగడం పెద్దల కనీస బాధ్యత.