చెరువుగట్టుమీద పక్షుల పద్దు

ఆదివారంనాడు మనలో చాలామంది కొంచెం ఆలస్యంగా నిద్ర లేస్తాము. హైదరాబాదులో కొందరు మాత్రం ఆనాడే అందరికన్న ముందుగా లేచి, మెడకు దుర్భిణి తగిలించుకొని, ఫ్లాస్కులో కాఫీ పోసుకొని, ఊరి వెలుపలి చెరువులకు బయలుదేరుతారు. వీరు వేటగాండ్రు కారు, చేపలు పట్టేవారూ కారు. పక్షులను చూడటమే వీరి పని. 1980లో ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీగా ఏర్పడిన ఈ సంఘం నేడు దక్కన్ బర్డర్స్ అనే పేరుతో నడుస్తున్నది.

"పిట్టను చూడటానికి సంఘం ఎందుకండీ?" అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా అనుభవమే దానికి సమాధానం.

మొదటిసారి నేను అమీన్‌పూర్ చెరువుగట్టుకు వెళ్ళినప్పుడు, నీటిమీద తేలుతున్న నల్లని పక్షుల గుంపును చూచి, "ఎన్ని బాతులో!" అన్నాను. పక్కనున్న పెద్దాయన నవ్వి, "బాతులు కావండీ, బొల్లికోళ్ళు. ముక్కు చూడండి" అన్నారు. చూచాను. ముక్కు బాతు ముక్కువలె చదునుగా లేదు. కోడిముక్కువలె మొనదేలి ఉన్నది. నుదుట తెల్లని బొల్లి. ఒంటరిగా వెళ్ళి ఉంటే అవి నా లెక్కలో జీవితాంతం బాతులుగానే ఉండిపోయేవి. ఒకరి పొరపాటును మరొకరు దిద్దుతారు. ఒకరి కంటికి అందనిది ఇంకొకరి చెవికి అందుతుంది. తీతువు అరుపు విని అపశకునమని ఇంట్లోకి వెళ్ళే మనము, అది గూడును కాపాడుకొనటానికి పెట్టే గగ్గోలు కావచ్చునని తెలిసిన తరువాత, అక్కడే నిలబడి అడుగు చూచి వేస్తాము. దాని గుడ్లు గులకరాళ్ళ మధ్య గులకరాళ్ళవలెనే ఉంటాయి మరి.

ఇక లెక్కపెట్టే పద్ధతి. వందలకొద్దీ పక్షులు కదులుతూ ఉంటే ఒక్కొక్కటిగా ఎంచటం సాధ్యం కాదు. ముందు పది పక్షులను ఎంచి, అవి ఎంత మేర ఆక్రమించినవో కంటితో కొలుచుకొని, ఆ కొలతను గుంపంతటికీ వర్తింపజేస్తారు. కళ్ళంలో ధాన్యపు రాశిని చూచి ఇన్ని బస్తాలని చెప్పే రైతు చేసేదీ ఇంచుమించు ఇదే. తేదీ, వేళ, చోటు, పక్షి పేరు, సంఖ్య పుస్తకంలో వ్రాసుకుంటారు. ఇప్పుడు చాలామంది సెల్‌ఫోనులోనే నమోదు చేస్తున్నారు.

ఒకనాటి పద్దువల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఏండ్ల తరబడి కూడితేనే అది సాక్ష్యమవుతుంది. సలీం ఆలీ 1931-32లో నిజాం రాజ్యమంతటా తిరిగి పక్షుల వివరాలు సేకరించారు గనుకనే, అప్పుడేమి ఉండెనో మనకు తెలుస్తున్నది. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక సుమారు 30,000 మంది పక్షి పరిశీలకులు వ్రాసిపెట్టిన పద్దులపై ఆధారపడి 942 జాతులను గురించి చెప్పగలిగింది. అందులో తగ్గుతున్నవాని జాబితాలో మన పాలపిట్ట పేరు ఉన్నది.

తెలంగాణ రాష్ట్రపక్షి అది. తీగమీద కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టగా కనిపించి, రెక్క విప్పగానే ఆకాశపు ముక్క ఎగిరినట్లుంటుంది. ఆ నీలం అద్దిన రంగు కాదు. ఈకల నిర్మాణంలో వెలుగు చెదరటంవల్ల కలిగేది. గొంతు మాత్రం కర్కశం. మా ఆకాశవాణి స్వరపరీక్షలో నెగ్గే గొంతు కాదు! మిడుతలను, పురుగులను తిని పైరుకు మేలు చేస్తుంది. దసరానాడు దానిని చూడటం శుభమని మన నమ్మకం. ఆ నమ్మకమే దానికి ముప్పు తెచ్చింది. పండుగకు కొన్ని రోజుల ముందే వలపన్ని పట్టి, కాళ్ళు కట్టి, ఎగరకుండా రెక్కలు కత్తిరించి, పంజరంలో పెట్టి వీధివీధినా త్రిప్పి డబ్బు అడిగేవారున్నారు. చిన్నతనంలో నేనూ ఒక రూపాయి ఇచ్చి అట్లా చూచినవాడినే. కళ్ళకు అద్దుకున్నాను కూడా. ఆ పిట్ట తిరిగి చెట్టెక్కి ఉండదని అప్పుడు నాకు తోచలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టటం నేరం. జమ్మిచెట్టుకు వెళ్ళే దారిలో పొలాల వెంట తీగలను చూస్తే, స్వేచ్ఛగా ఉన్న పాలపిట్ట నేటికీ కనిపించవచ్చును. పైసా ఖర్చు లేదు.

పక్షుల జాడ తెలియటంలో పండితులకన్న పల్లెవారు ముందుంటారనటానికి కడప జిల్లా కలివికోడి నిదర్శనం. 1900 తరువాత దానిని చూచినవారు లేరు, అంతరించినదనే భావించారు. 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ వెదుకుతుండగా, రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు దానిని రాత్రివేళ పట్టి చూపాడు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం, తెలుగుగంగ కాలువ మార్గంలో మార్పు, ఇవన్నీ ఆ తరువాతి సంగతులు.

నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. మీ ఊరి చెరువును ఎంచేవారు ఎవరూ లేకపోతే మీరే మొదలుపెట్టవచ్చు. దుర్భిణి లేకపోయినా గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను గుర్తించటం కష్టం కాదు. ముదురురంగు బట్టలు కట్టుకోండి, సూర్యుణ్ణి వీపువైపు ఉంచుకోండి, గూళ్ళకు దూరంగా నిలవండి. పిల్లలను తీసుకొనిపోతే పుస్తకం, పెన్సిలు వారి చేతికే ఇవ్వండి. పెద్దలకన్న వారి లెక్క నయంగా ఉండటం నేను చూచాను.