ఖాళీ మైదానంలో రేపటి స్టార్లు!

మొదటి రోజు మార్నింగ్ షోకి బెంచీలు ఖాళీగా కనిపిస్తే నిర్మాత గతేమిటో మీకు వేరే చెప్పాలా? 1979 ఆగస్టు 27న ఇంగ్లండులోని లీ అనే ఊరి దగ్గర సరిగ్గా అలాంటి కచేరీయే జరిగింది. విశాలమైన మైదానం, పెద్ద స్టేజీ... జనం మాత్రం కొన్ని వందలు!

లీ అప్పట్లో బొగ్గుగనుల ఊరు. ఒక పక్క లివర్‌పూల్, మరో పక్క మాంచెస్టర్. ఈ రెండు నగరాలకీ ఎప్పుడూ పోటీయే. లివర్‌పూల్ 'జూ' రికార్డుల వాళ్ళూ, మాంచెస్టర్ 'ఫ్యాక్టరీ' రికార్డుల వాళ్ళూ సగం దారిలో కలుసుకుందామని తమ కుర్రాళ్ళందరినీ ఒకే స్టేజీ ఎక్కించారు. మన దగ్గర రెండు అభిమాన సంఘాలు ఒకే పందిరి కింద చేరినట్టన్నమాట!

ఆ రోజు పాడిన వాళ్ళలో ఓ.ఎం.డి. అనే జంట ఉంది. ఆండీ మెక్లస్కీ, పాల్ హంఫ్రీస్. వీళ్ళకి డ్రమ్మర్ లేడు. స్టేజీ మీద ఉన్న మూడో మనిషి ఒక టేప్‌రికార్డర్! దానికి 'విన్‌స్టన్' అని పేరు కూడా పెట్టారు, ఆర్వెల్ నవల '1984'లోని కథానాయకుడి పేరు. ఇక సింథసైజరంటారా, మెక్లస్కీ వాళ్ళమ్మ దగ్గరున్న కేటలాగు చూసి వారానికి 7 పౌండ్ల 76 పెన్సీల వాయిదాల మీద కొన్న చిన్న కోర్గ్. అప్పట్లో సింథసైజరంటే డబ్బున్న పెద్ద బ్యాండ్ల వస్తువు. ఈ చవక పెట్టెలు రాబట్టే కదా మధ్యతరగతి కుర్రాళ్ళ చేతికీ కొత్త శబ్దం చిక్కింది! ఆ వేసవిలోనే గ్యారీ న్యూమన్ సింథసైజర్ పాట బ్రిటన్‌లో నంబర్‌వన్ అయింది.

ఎకో అండ్ ది బన్నీమెన్‌కీ అప్పటికి డ్రమ్మర్ లేడు, డ్రమ్ మెషీనే గతి. ఆ మెషీన్ పేరే 'ఎకో' అని అభిమానులు చెప్పుకుంటారు. బ్యాండు వాళ్ళు మాత్రం "అబ్బే, కాదు" అంటారు. టియర్‌డ్రాప్ ఎక్స్‌ప్లోడ్స్, ఎ సర్టెన్ రేషియో కూడా అక్కడ వాయించారు.

ఇంకొక బ్యాండు జాయ్ డివిజన్. గాయకుడు ఇయాన్ కర్టిస్ వయసు 23. నిరుద్యోగులకు పని చూపించే ఆఫీసులో గుమాస్తాగిరీ చేసినవాడు. ఆ ఏడాది జనవరిలోనే మూర్ఛ వ్యాధి అని డాక్టర్లు తేల్చారు. అయినా స్టేజీ ఎక్కితే ఒళ్ళు మరిచి ఆడేవాడు. చూసేవాళ్ళకి అది నాట్యమో, జబ్బో తెలిసేది కాదు! 1980 మే 18న, అమెరికా ప్రయాణానికి ముందురోజు, ఆత్మహత్య చేసుకున్నాడు. మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ పేరుతో మళ్ళీ మొదలుపెట్టారు. 1983లో వచ్చిన వాళ్ళ 'బ్లూ మండే' డాన్సు హాళ్ళను ఊపేసింది.

ఆనాటి కొన్ని వందల మందికీ తాము ఎవరిని చూస్తున్నారో తెలిసి ఉండదు పాపం. ఓ.ఎం.డి. 'ఎనోలా గే' 1980లో బ్రిటన్ టాప్ టెన్‌లోకి ఎక్కింది. ఈలోగా రికార్డు కంపెనీ ఇచ్చిన అడ్వాన్సుతో మెక్లస్కీ, హంఫ్రీస్ సొంత స్టూడియో కట్టుకున్నారు. రికార్డు ఫ్లాపైనా స్టూడియో మిగులుతుందని వాళ్ళ లెక్క! మాల్కం హోమ్స్ అనే మనిషి డ్రమ్మర్‌గా వచ్చాడు. దాంతో విన్‌స్టన్ స్టేజీ దిగాడు.